నడిసముద్రంలో ఇంజన్ ఎందుకు ఆగుతుంది? నెల్లూరు తీరంలో మోటారు పడవల కథ

ఈ ఎపిసోడ్‌లో పడవ వెనక తగిలించే మోటారు గురించి మాట్లాడుకుందాం. ముఖ్యంగా దానికి వచ్చే చమురు జబ్బుల గురించి. చరిత్ర చెప్పే చోట మెకానిక్ పనేంటి అనుకుంటున్నారా? ఈ జబ్బులకీ మన తీరం చరిత్రకీ గట్టి సంబంధమే ఉంది. చెప్తాను, వినండి.

ముందు ఫోన్‌లో మ్యాప్ తీసి చూడండి. కావలి దగ్గర తుమ్మలపెంట, అక్కణ్ణుంచి కిందికి జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, కృష్ణపట్నం. పొడుగ్గా ఇసుక ఒడ్డు, ఎదురుగా విరిగే అలలు. పడవని నిలకడగా కట్టుకునే చోట్లు తక్కువ. అందుకే ఇక్కడి పట్టపువాళ్ళు తరతరాలుగా తెప్పని నమ్ముకున్నారు. తేలికైన దుంగల్ని తాళ్ళతో కడితే తెప్ప. వేట అయ్యాక ఒడ్డుకి లాగి, విప్పి ఆరబెట్టుకోవచ్చు. తమిళంలో దీన్నే కట్టుమరం అంటారు. ఇంగ్లీషువాళ్ళ కాటమరాన్ ఆ మాటలోంచి పుట్టిందే.

తెప్పని నడిపేది తెడ్డూ, తెరచాపా. గాలి పడిపోతే కంటికి తెలుస్తుంది, ఒంటికి తెలుస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. నార్వేలో పుట్టి అక్కడ స్థిరపడ్డ ఓలే ఎవిన్‌రూడ్ 1909లో పడవ వెనక తగిలించే మోటారు అమ్మడం మొదలుపెట్టాడు. శక్తి ఒకటిన్నర హార్స్‌పవర్, బరువు దాదాపు 28 కిలోలు. అలాంటి మోటార్లు అంతకుముందూ ఉన్నాయి గానీ, జనంలోకి బాగా వెళ్ళింది ఇదే. జపాన్‌లో యమహా 1960లో తన మొదటి ఔట్‌బోర్డ్ తెచ్చింది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి, 1980ల్లో, కేరళ నాటు పడవల వెనక ఈ మోటార్లు బారులు తీరాయి. అవి నడిచింది కిరోసిన్ మీద. ఎందుకంటే పెట్రోల్ కన్నా చవక.

కానీ చవకకీ ఒక ధర ఉంటుంది. పెట్రోల్ ఎంత చల్లటి చోటైనా ఆవిరై అంటుకుంటుంది. కిరోసిన్‌కి 35, 40 డిగ్రీల వేడి తగిలితేగానీ అంటుకునేంత ఆవిరి రాదు. అందుకని ఇంజన్‌ని పెట్రోల్‌తో లేపి, వేడెక్కాక కిరోసిన్‌కి మార్చాలి. ఆపే ముందు మళ్ళీ పెట్రోల్‌కి తిప్పాలి. అది మర్చిపోతే కార్బ్యురేటర్‌లో కిరోసిన్ మిగిలిపోయి, మర్నాడు తెల్లారుజామున ఎంత తాడు లాగినా ఇంజన్ లేవదు. పైగా ప్లగ్గు మీద మసి. ప్లగ్గు విప్పి తుడవడం అక్కడివాళ్ళకి పళ్ళు తోముకోవడమంత అలవాటైపోయింది.

మన వైపు కథ ఇంకో దారి పట్టింది. 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా బంగాళాఖాతం కార్యక్రమం మొదలుపెట్టింది. వాళ్ళ ముందున్న ప్రశ్న: ఇసుక మీదికి లాగే పడవకి డీజిల్ ఇంజన్ పెట్టడం ఎలా? ఫ్యాను ఇసుకలో దిగబడితే విరిగిపోతుంది కదా. ఫ్యానునీ దాని కడ్డీనీ పైకి ఎత్తగలిగే ఏర్పాటు తయారుచేసి, ఒడ్డుకి చేరే పడవల్లో బిగించారు. ఆ పడవల్ని మన రాష్ట్ర తీరంలోనూ ప్రయత్నించారు. తర్వాత పొడవు తోక ఇంజన్ వచ్చింది. థాయ్‌లాండ్‌లో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే. పొడుగాటి కడ్డీ చివర ఫ్యాను, నొక్కితే నీళ్ళలోంచి పైకి లేస్తుంది. 2004 డిసెంబర్ 26 సునామీ తెప్పల్ని, వలల్ని ఊడ్చుకుపోయింది. సాయంగా వచ్చిన వాటిలో ఫైబర్ పడవలు ఎక్కువ. ఇవాళ నెల్లూరు ఒడ్డున మీకు కనిపించే ఫైబర్ పడవకి చాలావరకు ఈ తోక డీజిల్ ఇంజనే ఉంటుంది.

అంటే ఏమైంది? గాలి పని డీజిల్ చేతికి వచ్చింది. గాలిలో తేడా వస్తే కనిపించేది. డబ్బాలో ఉన్న డీజిల్‌లో తేడా ఉంటే, ఇంజన్ ఆగేదాకా కనిపించదు. అది అలలు విరిగే చోట ఆగిందనుకోండి, పడవ అడ్డం తిరుగుతుంది, తర్వాతి అల బోల్తా కొట్టిస్తుంది. మనుషులు పోతారు.

అందుకే కనిపించని దాన్ని కనిపించేలా చేసుకోవాలి. వరస చెప్తాను.

ఒకటి, మూత. ఇంజన్ పది నిమిషాలు బాగా నడిచి చచ్చిపోయిందా? ట్యాంకు మూత వదులు చేయండి. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే, మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టే. రూపాయి ఖర్చు లేని రిపేరు.

రెండు, నీళ్ళు. ఫిల్టర్ అడుగు నుంచి కాస్త చమురు పారదర్శకమైన సీసాలోకి పట్టి కాసేపు కదపకుండా పెట్టండి. చమురు కన్నా నీళ్ళు బరువు, అడుగున ముత్యాల్లా చేరతాయి. అలల తుంపర, రాత్రి చలికి సగం ఖాళీ ట్యాంకులో పట్టే చెమ్మ, రెండూ కారణాలే.

మూడు, గాలి. డీజిల్ ఇంజన్‌కి ప్లగ్గు ఉండదు, ఒత్తిడి వేడికే డీజిల్ అంటుకుంటుంది. పైపులో గాలి బుడగ చేరితే డీజిల్‌ని లోపలికి చిమ్మే పంపు ఒత్తిడిని మింగేస్తుంది. గాలి తీసే స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి నిండు ధార వచ్చేదాకా చేత్తో పంపు కొట్టి బిగించాలి. ఆ తర్వాత గాలి ఎక్కడ దూరిందో వెతకండి. పగిలిన పైపు, వదులైన క్లిప్పు.

పెట్రోల్ ఔట్‌బోర్డ్ అయితే పైపు మధ్యలో రబ్బరు బల్బు ఉంటుంది. నొక్కాక గట్టిపడకపోతే చమురు అందట్లేదు, లేదా గాలి పీలుస్తోంది. గట్టిపడినా ఇంజన్ లేవకపోతే కార్బ్యురేటర్ చూడాలి. ఇప్పుడు పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం దాకా కలుపుతున్నారు. ఇథనాల్ నీళ్ళని పీల్చుకుంటుంది, మోతాదు మించితే రెండూ కలిసి అడుగుకి దిగిపోతాయి. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. అన్నాళ్ళు ట్యాంకులో నిలవున్న పెట్రోల్‌తో మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళొద్దు.

తెప్ప కాలంలో పెద్దలు ఆకాశం చూసి బయల్దేరేవాళ్ళు. ఇప్పుడు ఆకాశంతో పాటు సీసా కూడా చూడాలి. మీ ఇంట్లో సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళుంటే ఈ వీడియో వాళ్ళకి పంపండి. వాళ్ళ దగ్గర ఇంతకన్నా మంచి చిట్కా ఉంటే రాసి పెట్టుకోండి, అది కూడా చరిత్రే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.