ఉప్పు, ఎండ, అడవి: వీర్నపల్లి ప్రాంతంలో ఇంటి నిల్వ ఆహారం - ఒక చరిత్ర పాఠం

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు పండ్లను, ఆకుకూరలను ఇంట్లో నిల్వచేసే అలవాట్లను చరిత్ర ఆధారాలుగా ఎలా పరిశీలించాలో వివరించగలుగుతారు. ఉప్పు వ్యాపారం, కొత్త పంటల రాక, అటవీ చట్టాలు ఆ అలవాట్లను ఎలా మార్చాయో చెప్పగలుగుతారు. మీ ఊరిలో ఇలాంటి ఆధారాలను స్వయంగా సేకరించగలుగుతారు.

1. పరిచయం

చరిత్ర అనగానే మనకు శాసనాలు, ఫర్మానాలు, కోటలు గుర్తుకు వస్తాయి. వంటింటి అటక మీది జాడీ గుర్తుకు రాదు. నా చిన్నతనంలో ఒక ఏడాది మా అమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు ఆషాఢం రాకముందే బూజు పట్టింది. ఉప్పు తక్కువ పడిందని అమ్మ ఒక్క మాటే అని జాడీని పెరట్లో గుమ్మరించింది. ఆ వానాకాలమంతా కూర లేని పూట మాకు పచ్చిపులుసే దిక్కయింది. ఒక గుప్పెడు ఉప్పు ఒక కుటుంబానికి నాలుగు నెలల తిండిని నిర్ణయించగలదని నాకు తెలిసింది అప్పుడే. ఈ పాఠం ఆ గుప్పెడు ఉప్పు నుంచే మొదలవుతుంది.

మనం పరిశీలించే ప్రాంతం వీర్నపల్లి. 2016 అక్టోబర్ 11న ఏర్పడిన రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఇది ఒక మండల కేంద్రం. అంతకుముందు ఈ ప్రాంతం కరీంనగర్ జిల్లాలో, 1948కి ముందు నిజాం రాజ్యంలో ఉండేది. గుట్టలు, అడవి, చెరువులు, లంబాడీ తండాలు ఈ ప్రాంతపు ముఖ్య లక్షణాలు.

2. రుతువుల పంచాంగం

వర్షాధార సేద్యం ఉన్న పల్లెల్లో ధాన్యం ఏడాదికి ఒకటి రెండుసార్లే ఇంటికి వస్తుంది. మిగిలిన రోజులను పెరడు, చేను గట్టు, అడవి ఆదుకునేవి. వేసవి మొదట్లో చింతపండు, ఇప్పపువ్వు, తరువాత మామిడి, తునికి, మొర్రి పండ్లు వస్తాయి. తొలకరి తరువాత చేలల్లో ఎవరూ విత్తకుండానే తుమ్మికూర, గంగవాయిలికూర, చెంచలికూర మొలుస్తాయి. అడవిలో బోడకాకర కాస్తుంది. వానాకాలం చివర సీతాఫలం, కార్తీకంలో ఉసిరి, సంక్రాంతి నాటికి రేగుపండ్లు వస్తాయి. వినాయక చవితి నాడు తుమ్మికూర వండుకునే ఆచారం తెలంగాణలో నేటికీ ఉంది. ఒక కలుపు మొక్కకు పండుగలో స్థానం దొరకడాన్ని గమనించండి. ఆ రుతువులో ఏది తినాలో గుర్తుచేసే పని ఆచారమే చేసింది.

ఇవన్నీ కొద్ది వారాలే దొరుకుతాయి కాబట్టి నిల్వ తప్పనిసరి అయింది. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి ఎండబెడితే ఒరుగులవుతాయి. తురిమి ఉప్పు, కారం కలిపితే తొక్కవుతుంది. చింతపండును గింజ తీసి, ఉప్పు చల్లి, ముద్దలు చేసి కుండల్లో పెడతారు. రేగుపండ్లను దంచి వడియాలుగా ఎండబెడతారు. ఇప్పపువ్వును ఎండబెట్టి దాచుకుంటారు.

వీటి వెనుక ఉన్న సూత్రాలు మూడు. ఎండ, ఉప్పు తేమను తగ్గిస్తాయి. తేమ లేనిచోట సూక్ష్మజీవులు పెరగలేవు. మామిడి, చింత, ఉసిరిలోని పులుపు వాటిని మరింత అడ్డుకుంటుంది. పైన తేలే నూనె గాలి తగలనివ్వదు. ఫ్రాన్సులో నికొలా అపేర్ సీసాల్లో ఆహారాన్ని మూసి, మరిగించి నిల్వచేసే పద్ధతిని 1810లో ప్రచురించాడు. అది ఎందుకు పనిచేస్తుందో అప్పటికి ఆయనకూ తెలియదు. సూక్ష్మజీవులపై లూయీ పాశ్చర్ పరిశోధనలు ఆ తరువాతివి. కారణం తెలియకముందే అనుభవం పద్ధతిని కనిపెట్టగలదు. మన పల్లె స్త్రీలు చేసింది కూడా అదే. వారి పేర్లు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు.

3. ఉప్పు ఎక్కడి నుంచి వచ్చింది?

వీర్నపల్లికి సముద్రం చాలా దూరం. పెరట్లో మామిడి ఉంటుంది, ఎండకు కొదవలేదు. ఉప్పు మాత్రం బయటి నుంచి రావలసిందే. రైళ్లు రాకముందు తీరం నుంచి దక్కన్ లోపలికి ఉప్పును ఎద్దుల మీద మోసుకొచ్చినవారిలో లంబాడీలు ముఖ్యులు. వారు తిరుగు ప్రయాణంలో ధాన్యం, అటవీ సరుకులు తీసుకుపోయేవారు. మొఘల్ సైన్యాలకు ధాన్యం సరఫరా చేసిందీ వీరే. లంబాడీ అనే పేరు 'లవణం' నుంచి వచ్చిందని కొందరు అంటారు. దానిని ఒక అభిప్రాయంగానే తీసుకోండి.

1874లో వాడి - సికింద్రాబాద్ రైలుమార్గం ప్రారంభమైంది. రైళ్లు, రోడ్లు విస్తరించిన కొద్దీ ఎద్దుల బిడారుల వ్యాపారం క్షీణించింది. ఊరూరూ తిరిగినవారు క్రమంగా తండాలు కట్టుకొని వ్యవసాయంలో స్థిరపడ్డారు. బ్రిటిష్ ఇండియాలో ఉప్పుపై ప్రభుత్వ పన్ను, గుత్తాధిపత్యం ఉండేవి. 1930 మార్చి 12న గాంధీజీ దండి యాత్రకు బయలుదేరింది వాటిని ధిక్కరించడానికే. తీరప్రాంతం లేని నిజాం రాజ్యంలోని పల్లె కూడా సముద్రపు ఉప్పునే కొనుక్కోవాలి. కాబట్టి తొక్కు జాడీ ఒక్క ఇంటికి చెందిన వస్తువు కాదు. దాని వెనుక తీరం, బిడారు, పన్ను, రైలు ఉన్నాయి.

4. పేర్లు చెప్పేవి, చెప్పనివి

'తాతల నాటి తొక్కు' అని మనం గర్వంగా చెప్పుకుంటాం. అయితే ఎన్ని తరాల తాతలు? మిరప అమెరికా ఖండపు పంట. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరిన తరువాత, పోర్చుగీసు వ్యాపారం ద్వారా ఇది మనకు వచ్చింది. కాకతీయుల కాలంలో ఎర్రని మిరపకారం ఉండే అవకాశం లేదు. అప్పటి ఘాటుకు మిరియాలు, ఆవాలు, అల్లమే ఆధారం. 'మిరప' అనే పేరు కూడా 'మిరియం'తో ముడిపడినదే. కొత్త పంటకు పాత దినుసు పేరే దక్కింది.

సీతాఫలం పేరు వింటే రామాయణ కాలం నుంచీ ఉన్నట్లు తోస్తుంది. వృక్షశాస్త్రజ్ఞులు దీని పుట్టిల్లు కూడా ఉష్ణమండల అమెరికాయే అంటారు. తెలంగాణ గుట్టల మీద దానంతట అదే పెరగడం వల్ల అది మన అడవి పండైంది. దీని నుంచి విద్యార్థి నేర్చుకోవలసింది ఒకటుంది. పేరు ఒక ఆధారమే, కాని అది కాలాన్ని నిరూపించదు.

5. అడవి ఎవరిది?

బ్రిటిష్ ఇండియాలో 1865, 1878 చట్టాలు అడవులను ప్రభుత్వ అధీనంలోకి తెచ్చాయి. నిజాం రాజ్యంలో కూడా అడవులు క్రమంగా రిజర్వు అయ్యాయి. నిన్నటిదాకా తిండిగా ఉన్నది 'చిన్నతరహా అటవీ ఉత్పత్తి'గా మారింది. ఇప్పపువ్వు తిండికీ సారాకూ పనికివస్తుంది కాబట్టి ఆబ్కారీ దృష్టి దానిమీద పడింది.

తునికి చెట్టు ఇంకా మంచి ఉదాహరణ. దాని పండు పిల్లల తిండి, ఆకు బీడీకి ముడిసరుకు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల్లో వేలాది స్త్రీలకు బీడీ చుట్టడమే జీవనాధారం. 1971 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఈ ఆకు వ్యాపారాన్ని ప్రభుత్వ నియంత్రణలోకి తెచ్చింది. లేత ఆకు కోసం ఏటా తునికి పొదలను నరికిస్తారు. నరికిన పొద చిగురిస్తుంది గాని కాయదు. ఆకుకు ధర పెరిగినచోట పండు తగ్గడానికి ఇదొక కారణం. ఒకే చెట్టు కూలినిచ్చి తిండిని తగ్గించిందన్నమాట. ఇందులో లాభనష్టాలను మీరే తూచి చూడండి.

2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయంగా సేకరించే చిన్నతరహా ఉత్పత్తులపై అటవీవాసులకు యాజమాన్య హక్కును గుర్తించింది. గిరిజనేతరులు మాత్రం 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 సంవత్సరాలు, అడవిపై ఆధారపడి అక్కడ నివసించినట్లు చూపాలి. లంబాడీలు తెలంగాణలో షెడ్యూల్డు తెగల జాబితాలో చేరింది 1976 సవరణ చట్టంతో.

6. నేడు పోతున్నదేమిటి?

1955 నాటి ఫ్రూట్ ప్రొడక్ట్స్ ఆర్డర్‌తో పచ్చళ్ల పరిశ్రమ నిబంధనల కిందికి వచ్చింది. ఇప్పుడు సీసా పచ్చడి ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. ఈ జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయే కొడుకు సూట్‌కేసులో మాత్రం అమ్మ పెట్టిన పచ్చడే ఉంటుంది. కాబట్టి తొక్కు ఇప్పట్లో పోదు. పోయేది చేలల్లోని ఆకుకూర. కలుపు మందు కొట్టిన చేనులో గంగవాయిలి మొలవదు. రెండు తరాలు దాన్ని చూడకపోతే ఏది తినదగినదో గుర్తుపట్టేవారు మిగలరు. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు ఇలాంటి 'సాగుచేయని పంటల' పేర్లను, ఉపయోగాలను నమోదు చేయించారు. వీర్నపల్లి వంటి చోట్ల ఆ పని మీ వంటి విద్యార్థులు చేయగలరు. అవ్వలు ఉండగానే చేయాలి.

7. సారాంశం

ఇంటి నిల్వ ఆహారం రుతువు, వ్యాపారం, చట్టం, స్త్రీల శ్రమ కలిసిన చోట నిలుస్తుంది. లిఖిత ఆధారాలు లేనిచోట మొక్కలు, పేర్లు, ఆచారాలు, పెద్దల జ్ఞాపకాలు ఆధారాలవుతాయి. అయితే ప్రతి ఆధారాన్నీ మరొక దానితో సరిచూసుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'సీతాఫలం పేరు దాని ప్రాచీనతకు రుజువు కాదు.' వివరించండి.
2. తునికి చెట్టు ఉదాహరణగా అటవీ విధానం తిండిపై చూపిన ప్రభావాన్ని చర్చించండి.
3. క్షేత్రకార్యం: మీ ఇంట్లోనో వాడలోనో ఒక పెద్దామెను కలిసి, ఆమె చిన్ననాట ఏ నెలలో ఏమి సేకరించేవారో, ఎలా దాచేవారో పన్నెండు నెలల పట్టికగా రాయండి. ఆమె మాటలను ఆమె పలికినట్లే రాసుకోండి. మీకు తెలియని మొక్కను మాత్రం, తెలిసినవారు చూసి చెప్పేవరకు, రుచి చూడకండి.