జాతరలో బండికి కరెంటు: టైర్లను నమ్మొద్దు, ఎర్తింగ్ చూసుకోవాలి

కాటారం మీదుగా మహదేవపూర్ దాటి కాళేశ్వరం చేరుకునే యాత్రికుల్లో అందరికీ గది దొరకదు. ట్రాక్టర్, డీసీఎం, టెంపో ట్రావెలర్, ఈమధ్య కారవాన్.. ఏ బండిలో వస్తే ఆ బండే రెండు రోజులు ఇల్లు. గోదావరి, ప్రాణహిత కలిసేచోట అంతర్వాహినిగా సరస్వతి ఉందని భక్తుల నమ్మకం. అక్కడ 2025 మే 15 నుంచి 26 వరకు సరస్వతి పుష్కరాలు జరిగాయి. మండుటెండల్లో వచ్చిన పుష్కరాలవి. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. మేడారం జాతరకైనా, పర్వతగిరి మండలం అన్నారం షరీఫ్ దర్గా దగ్గర కందూరుకైనా కుటుంబాలు ఇలాగే బండి కట్టుకుని వెళ్తాయి.

బండి ఆగగానే లైటు, ఫ్యాను, ఫోన్ చార్జింగ్ కావాలి. కారవాన్ అయితే ఏసీ, ఫ్రిజ్ కూడా నడవాలి. దగ్గర్లోని బోర్డు నుంచి తీగ లాగడం అయిదు నిమిషాల పని. కానీ ఆ తీగలో ఎర్త్ లేకపోతే బండి మొత్తం షాక్ కొట్టే డబ్బాగా మారొచ్చు.

రబ్బరు టైర్లు కాపాడతాయా?

"బండి రబ్బరు టైర్ల మీద ఉంది కదా, షాక్ ఎట్లా కొడుతుంది?" అని చాలామంది ధీమాగా ఉంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. తీగ తొడుగు ఎక్కడో ఒరుసుకుపోయి ఫేజు బండి ఇనుప బాడీకి తగిలిందనుకోండి. టైర్లు రబ్బరువి కాబట్టి ఆ కరెంటు భూమిలోకి దిగదు. బాడీ అంతా 230 వోల్టులతో అలాగే నిలిచి ఉంటుంది. ఫ్యూజు పోదు, లైట్లు మామూలుగానే వెలుగుతాయి, పైకి ఏమీ తెలియదు.

బండి లోపల కూర్చున్నవాళ్లకు కూడా ఏమీ అనిపించకపోవచ్చు. కరెంటు తీగ మీద వాలిన పిట్టకు ఏమీ కానట్టే ఇది కూడా. కిందకు దిగుతూ ఒక కాలు నేల మీద పెట్టి, చెయ్యి తలుపు హ్యాండిల్ మీద ఉంచినప్పుడు కరెంటుకు ఆ మనిషి ఒళ్లే దారి అవుతుంది. నదిలో స్నానం చేసి తడి బట్టలతో, ఉత్త కాళ్లతో వచ్చి బండి ఎక్కేవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. తడి చర్మం కరెంటును ఎక్కువగా పోనిస్తుంది.

ఎంసీబీ ఉంటే చాలదు

ఎంసీబీ పని తీగను కాపాడటం. లోడు మితిమీరినప్పుడు, షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు అది పడిపోతుంది. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియర్‌లో చిన్న వంతు చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అంత చిన్న కరెంటు లెక్కలోకే రాదు.

ఎర్తింగ్ ఉన్నా ఒక్కోసారి ఎంసీబీ పడదు. ఇసుక నేలలో, ఎండిన మట్టిలో పాతిన రాడ్ నిరోధం 20 ఓములు ఉందనుకుందాం. 230ని 20తో భాగిస్తే వచ్చేది 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి కదలదు. బాడీలో కరెంటు అలాగే ఉండిపోతుంది.

అందుకే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కావాలి. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేవా అని అది ఎప్పుడూ పోల్చి చూస్తుంది. 0.03 ఆంపియర్లు ఎటో లీకయినా సెకనులో మూడో వంతు గడవకముందే సప్లై ఆపేస్తుంది. ఎర్త్ రాడ్ అంత బాగా లేకపోయినా ఇది పనిచేస్తుంది. ఎర్త్, ఆర్‌సీసీబీ రెండూ ఉంటే బాడీకి ఫేజు తగిలిన వెంటనే, ఎవరూ ముట్టుకోకముందే కరెంటు పోతుంది. ఎర్త్ లేకుండా ఆర్‌సీసీబీ ఒక్కటే ఉంటే, మనిషిని షాక్ తాకిన తర్వాతే అది పడుతుంది.

కొందరు "ఊరికే పడిపోతోంది" అని ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్ట్ చేస్తారు. అది పడుతోందంటే ఎక్కడో లీకేజీ ఉందని అర్థం. సామాన్లన్నీ తీసేసి ఒక్కొక్కటిగా పెడుతూ పోతే ఏది పెట్టినప్పుడు పడుతుందో దొరుకుతుంది. ఆ సామానును పక్కన పెట్టాలి.

కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలి

స్తంభాల మీది తీగలకు కొక్కేలు తగిలించడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద అది చౌర్యం, జైలు శిక్ష కూడా పడొచ్చు. వరంగల్ కేంద్రంగా పనిచేసే ఉత్తర డిస్కం, టీజీఎన్‌పీడీసీఎల్ పరిధిలోకే మహదేవపూర్ వస్తుంది. గుడారాలు, దుకాణాలు వేసేవాళ్లు, ఎక్కువ బండ్లతో బృందంగా వచ్చేవాళ్లు ముందుగానే సెక్షన్ ఆఫీసులో తాత్కాలిక కనెక్షన్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ఒక్క బండితో వచ్చేవాళ్లు లాడ్జి, సత్రం, పార్కింగ్ నిర్వాహకులు చూపించిన సాకెట్ నుంచే తీసుకోవాలి. ఆ బోర్డుకు ఎర్త్, ఆర్‌సీసీబీ ఉన్నాయా అని అడగడానికి మొహమాటపడొద్దు.

తీగ ఎలాంటిది ఉండాలి

ఇళ్లకు వేసే రెండు పోగుల అల్యూమినియం సర్వీసు వైరు బండికి పనికిరాదు. అందులో ఎర్త్ పోగు లేదు, మెలికలు పడితే లోపల తెగుతుంది. మూడు పోగుల రాగి ఫ్లెక్సిబుల్ కేబుల్ తీసుకోవాలి. 16 ఆంపియర్ల సాకెట్‌కు 2.5 స్క్వేర్ ఎంఎం సైజు, పైన మందమైన రబ్బరు తొడుగు ఉండాలి. నీళ్ల జల్లు పడినా తట్టుకునే నీలం రంగు ఇండస్ట్రియల్ ప్లగ్గు, సాకెట్ అయితే మరీ మంచిది.

కేబుల్‌ను చుట్టలోనే ఉంచి వాడొద్దు. లోడు పడినప్పుడు చుట్ట వేడెక్కి తొడుగు కరుగుతుంది. పూర్తిగా విప్పి పరవాలి. మధ్యలో టేపు చుట్టిన అతుకులు ఉండకూడదు. బండ్లు, జనం తిరిగే దారికి అడ్డంగా, నీళ్లు నిలిచే చోట వేయొద్దు.

కలిపే వరుస

1. బండి లోపలి స్విచ్చులన్నీ, బోర్డు మీద ఆ సాకెట్ స్విచ్చు ఆపేయాలి.

2. సాకెట్‌లో పెట్టే మూడు లైట్ల టెస్టర్‌తో ఫేజు, న్యూట్రల్, ఎర్త్ సరిగా ఉన్నాయో చూడాలి. చూసేంతసేపు స్విచ్చు వేసి, మళ్లీ ఆపాలి. ఎర్త్ లేదని చూపిస్తే అక్కడ కలపొద్దు. ఎలక్ట్రీషియన్‌తో రాడ్ పాతించి, ఆర్‌సీసీబీ పెట్టించాకే వాడాలి.

3. కేబుల్‌ను ముందు బండికి, తర్వాత బోర్డుకు పెట్టాలి. ఆ తర్వాతే స్విచ్చు వేయాలి.

4. ఆర్‌సీసీబీ మీద 'టీ' బటన్ నొక్కాలి. వెంటనే పడిపోతే అది బాగున్నట్టు. పడకపోతే అది ఉన్నా లేనట్టే.

5. బండి బాడీకి స్క్రూ టెస్టర్ పెట్టి చూడాలి. వెలిగితే వెంటనే బోర్డు దగ్గర ఆపేయాలి. వెలగలేదని పూర్తిగా నమ్మొద్దు, అది రెండో పరీక్ష మాత్రమే.

6. వోల్టేజీ చూసి, ఏసీలాంటి పెద్ద సామాన్లు ఒక్కొక్కటిగా వేయాలి. లైట్లు ఒక్కసారిగా మరీ ఎక్కువగా వెలిగితే న్యూట్రల్ ఊడిందని అనుమానించి వెంటనే ఆపాలి.

తీసేటప్పుడు ముందు సామాన్లు ఆపి, బోర్డు స్విచ్చు ఆపి, బోర్డు వైపు ప్లగ్గు పీకాకే బండి వైపు తీయాలి.

లోడు లెక్క

16 ఆంపియర్లను 230 వోల్టులతో గుణిస్తే 3,680 వాట్లు. టన్నున్నర ఏసీకి సుమారు 1,700, ఇండక్షన్ స్టవ్‌కు 2,000 వాట్లు. ఈ రెండూ కలిస్తేనే హద్దు దాటినట్టు. వంట అయ్యేదాకా ఏసీ ఆపుకోవాలి.

అమెరికాలో ఆర్‌వీలు తీసుకుని తిరిగే తెలుగువాళ్లకు వేరే లెక్క ఉంటుంది. అక్కడి క్యాంపు స్తంభాల్లో 30 ఆంపియర్ల సాకెట్ 120 వోల్టులది, అంటే 3,600 వాట్లు. 50 ఆంపియర్లది 120 వోల్టుల చొప్పున రెండు ఫేజు తీగలతో 12,000 వాట్ల దాకా ఇస్తుంది. ఇంటి దగ్గర 30 ఆంపియర్ల ఆర్‌వీ సాకెట్‌ను బట్టలారబెట్టే మెషీన్ సాకెట్ అనుకుని 240 వోల్టులు కలిపితే బండిలో సామాన్లు కాలిపోతాయి.

జనరేటర్ ఉంటే

జనరేటర్, లైను కరెంటు రెండూ ఒకేసారి బండికి కలవకూడదు. మధ్యలో చేంజోవర్ స్విచ్ తప్పనిసరి. రెండు వైపులా పిన్నులున్న తీగతో జనరేటర్‌ను సాకెట్‌లో గుచ్చితే, కరెంటు వెనక్కి లైనులోకి ఎక్కి స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం తీయొచ్చు. జనరేటర్‌ను బండికి దూరంగా, పొగ లోపలికి రాని వైపు పెట్టాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలోనే చంపేస్తుంది.

ఎవరికైనా షాక్ కొడితే

ముందు బోర్డు దగ్గర స్విచ్చు ఆపాలి. ఆపకుండా మనిషిని గానీ బండిని గానీ ముట్టుకోవద్దు. స్విచ్చు అందకపోతే ఎండిన కర్రతో తీగను పక్కకు తోయాలి. 108కు ఫోన్ చేయాలి. ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. పైకి బాగానే కనిపించినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. తెగిపడిన తీగ, నిప్పురవ్వలు కనిపిస్తే 1912కు చెప్పాలి.

యాత్రకు సామాను సర్దేటప్పుడే మూడు పోగుల కేబుల్, సాకెట్ టెస్టర్ పెట్టుకోవాలి. ఆర్‌సీసీబీని ఇంటి దగ్గరే ఎలక్ట్రీషియన్‌తో బండిలో బిగించుకోవాలి. నది ఒడ్డున చీకటి పడ్డాక ఇవేవీ దొరకవు.