ఇంటికి ఆరు వేల లీటర్లు

మద్రాసు నుంచి బయల్దేరిన 'ట్రూరో' ఓడ 1860 నవంబరులో చెరకు తోటల కూలీలను దింపిన రేవు డర్బన్. ఆ తర్వాత యాభై ఏళ్లపాటు అక్కడికి వలస వెళ్లినవాళ్లలో గంజాం, విశాఖ జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. పేదల ఇంటికి కొంత నీరు ఉచితంగా ఇవ్వాలన్న విధానం దక్షిణాఫ్రికా అంతటా పాకింది కూడా ఆ ఊరి నుంచే. జాలిపడి ఇచ్చారనుకుంటే పొరపాటు. పద్దుల లెక్క వాళ్లచేత ఆ పని చేయించింది.

1990లలో డర్బన్ శివారు పేదల కాలనీల్లో నగర నీటి విభాగం ఇంటికో 200 లీటర్ల ట్యాంకు పెట్టించింది. రోజుకోసారి నింపేవారు, నెలకు కొద్దిపాటి బిల్లు వేసేవారు. ఆ బిల్లు రాసి, పంచి, వసూలు చేయడానికయ్యే ఖర్చు వచ్చే రాబడిని మించిపోతోందని తేలింది. ఇక డబ్బు అడగడమే మానేశారు. రోజుకు 200 లీటర్లు, అంటే నెలకు 6 వేలు. దేశానికంతటికీ కొలమానమైన అంకె ఇదే.

దేశమంతా దాన్ని అందుకోవడానికి మాత్రం ఒక విపత్తు రావలసి వచ్చింది. 2000 ఆగస్టులో డర్బన్ ఉన్న రాష్ట్రంలోనే ఎంపాంగెని చుట్టుపక్కల కలరా పుట్టింది. అంతకుముందు ఊరికే అందిన కుళాయి నీళ్లకు రుసుము పెట్టడంతో, కట్టలేని కుటుంబాలు ఏటి నీళ్లకు మళ్లాయి. లక్ష మందికి పైగా జబ్బుపడ్డారు, 200 మందికి పైగా చనిపోయారు. అప్పటి నీటి వనరుల మంత్రి రోనీ కాస్రిల్స్ మరో సంగతి చెప్పేవారు. ఒక పల్లెలో కొత్తగా వేసిన కుళాయిలు చూడబోతే, దగ్గర్లోనే ఒక తల్లి ఏటి ఇసుకలో చెలమ తవ్వుకుంటూ కనిపించిందట. కుళాయికి నెలకు 10 ర్యాండ్లు కట్టే స్తోమత ఆమెకు లేదు. 2001 జులై నుంచి ఇంటికి నెలకు 6 వేల లీటర్ల ఉచిత నీటి పథకం అమల్లోకి వచ్చింది.

లెక్క ఇదీ: ఇంటికి ఎనిమిది మంది, మనిషికి రోజుకు 25 లీటర్లు, ముప్పై రోజులు. కాగితం మీద తప్పుపట్టడానికి లేదు.

తప్పు జొహానెస్‌బర్గ్‌లో బయటపడింది. ఆ నగరంలోని సొవెటోలో ఉన్న ఫిరి పేటలో అంతవరకు మీటర్లు లేవు. ఇంటికి 20 వేల లీటర్లు వాడతారని అనుకుని ఒకటే బిల్లు వేసేవారు. పాత పైపుల లీకేజీతో నిజానికి అంతకు మూడు రెట్లు పోయేది, బిల్లులూ సరిగా వసూలు కావు. 2004లో అక్కడ ప్రీపెయిడ్ మీటర్లు బిగించారు. 6 వేల లీటర్లు అయిపోగానే కుళాయి దానంతటదే ఆగిపోతుంది, డబ్బు వేస్తేనే మళ్లీ నడుస్తుంది. దీనిమీద కోర్టుకెక్కిన కేసులో మొదటి పిటిషనర్ మజిబుకో ఉండే స్థలంలో దాదాపు 20 మంది ఉండేవారు. పెరట్లో వేసుకున్న గదులు, వాటిలో వేరే కాపురాలు. కుళాయి మాత్రం ఒక్కటే. మనిషికి రోజుకు 10 లీటర్లు పడతాయి. మన ఇళ్లలో ఒక బకెట్టు కూడా నిండదు!

2008లో హైకోర్టు మనిషికి రోజుకు 50 లీటర్లు ఇమ్మంది, అప్పీలు కోర్టు దాన్ని 42కు తగ్గించింది. 2009 అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం రెండింటినీ కొట్టేసింది. చాలినంత నీరు రాజ్యాంగం ఇచ్చిన హక్కే అయినా, ఎన్ని లీటర్లన్నది ప్రభుత్వమే తేల్చుకోవాలని, నగర విధానం సహేతుకమేనని తీర్పు. పిటిషనర్లు ఓడిపోయారు. అయితే కేసు నడుస్తుండగానే నగరపాలక సంస్థ నిరుపేదలుగా నమోదైన ఇళ్లకు కోటా పెంచింది. తీర్పు ఇవ్వనిది వ్యాజ్యం ఇప్పించిందన్నమాట.

హైదరాబాద్‌లో 2020 డిసెంబరు బిల్లు నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. సొవెటోలో బిల్లు వేసిన అంకే ఇక్కడ మాఫీ అంకె అయింది. కోటా పెద్దదే, కాదనను. బస్తీల్లో మీటరు నిబంధన సడలించారు, మిగతావారికి మీటరు తప్పనిసరి చేశారు, ఆధార్ అనుసంధానం కూడా అడిగారు. అపార్ట్‌మెంట్లకు ఫ్లాటుకింత అని లెక్కగట్టారు. నలుగురుండే ఫ్లాటుకు అది ధారాళం. ఒకే కనెక్షన్ నంబరు (క్యాన్) మీద నాలుగు పోర్షన్లు అద్దెకిచ్చిన ఇంట్లో అంతే కోటాను నాలుగు కాపురాలు పంచుకోవాలి. దాటిన బిల్లు ఓనరు అద్దెతో కలిపి అడుగుతాడు. కనెక్షనే లేని గుడిసెవాసికి డ్రమ్ము నీళ్లకు ఎవరూ మాఫీ ఇవ్వరు.

ఉచిత నీటి హామీతో ఈసారి ఎవరైనా ఓటడగడానికి వస్తే ఎన్ని లీటర్లని అడగకండి. కుళాయికా, మనిషికా అని అడగండి.