గర్భిణుల రాత్రి పాళీ పని

గర్భిణుల రాత్రి పాళీ పని అనగా గర్భవతిగా ఉన్న స్త్రీ నిద్రపోవలసిన వేళలో ఉద్యోగము చేయుట. వాడుకలో దీనిని నైట్ డ్యూటీ అంటారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1990 నాటి ఒడంబడికలో, అర్ధరాత్రి నుండి ఉదయం 5 గంటల వరకు ఉన్న కాలము కలిసి వచ్చేలా వరుసగా కనీసం 7 గంటలు చేసే పనిని రాత్రి పనిగా నిర్వచించింది. ఇటువంటి పని తల్లి ఆరోగ్యముపైన, పుట్టబోయే బిడ్డ బరువుపైన, కాన్పు సమయముపైన ప్రభావము చూపుతుందని పరిశోధనలు సూచిస్తున్నాయి.

మంగళగిరి పరిసరాలలో

గుంటూరు జిల్లాలోని మంగళగిరి చేనేత చీరలకు ప్రసిద్ధి. ఇక్కడి గుంట మగ్గముపై నేత ఎక్కువగా ఇంటిపట్టున సాగే పని. ఆసుపత్రుల రాకతో రాత్రి ఉద్యోగాలు ఈ ప్రాంతములో పెరిగాయి. మంగళగిరి మండలములోని చినకాకానిలో ఎన్.ఆర్.ఐ. వైద్య కళాశాల 2003లో ప్రారంభమైనది. మంగళగిరి ఎయిమ్స్ తరగతులు 2018లో మొదలైనాయి. బయటి రోగుల సేవలు 2019లో ఆరంభమైనాయి. 2024 ఫిబ్రవరి 25న ఈ సంస్థను జాతికి అంకితము చేశారు. ఆసుపత్రులలో రోగుల సంరక్షణ రాత్రింబగళ్ళు సాగవలసినదే. నర్సులలో అత్యధికులు స్త్రీలు, అందులోనూ పలువురు ప్రసవ వయసులోనివారు. కాబట్టి ఈ సమస్య మొదట వారికే ఎదురవుతుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి ప్రాంతములో జిన్నింగు, నూలు మిల్లులు కూడా పాళీల పద్ధతిపై నడుస్తాయి.

శరీరముపై ప్రభావము

మెదడులోని పీనియల్ గ్రంథి చీకటిలో మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. రాత్రివేళ వెలుతురు దీనిని తగ్గిస్తుంది. మెలటోనిన్ మాయను దాటి శిశువును చేరుతుంది. గర్భస్థ శిశువుకు రాత్రి, పగలు తేడా తెలిపే సంకేతములలో ఇది ముఖ్యమైనది. పుట్టిన తరువాత కూడా శిశువుకు సొంత నిద్ర లయ స్థిరపడడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. రాత్రి పనివలన నిద్ర లోపించడము, వేళ తప్పిన భోజనము, ఎక్కువసేపు నిలబడడము కూడా తోడవుతాయి.

పరిశోధనలు

2019లో ప్రచురితమైన ఒక సమీక్ష 62 అధ్యయనాలను, సుమారు 1,97,000 మంది స్త్రీల వివరాలను పరిశీలించింది. పగటి పని చేసేవారితో పోల్చినప్పుడు ఎప్పుడూ రాత్రి పాళీలోనే పనిచేసేవారిలో నెలలు నిండని కాన్పు అవకాశము సుమారు 21 శాతము, గర్భస్రావ అవకాశము 23 శాతము ఎక్కువగా కనిపించాయి. పాళీలు మారుతూ పనిచేసేవారిలో శిశువు ఎదుగుదల తగ్గడము, గుర్రపువాతమునకు ముందు వచ్చే రక్తపోటు స్థితి అధికముగా ఉన్నాయి. నూటికి పది కాన్పులు 37 వారాలకు ముందే జరిగే చోట, ఈ లెక్కన ఆ సంఖ్య పన్నెండుకు చేరుతుంది. అంటే రాత్రి పని చేసిన ప్రతి తల్లికీ హాని జరుగుతుందని అర్థము కాదు.

డెన్మార్కులో 22,744 మంది ఉద్యోగినులపై జరిగిన మరో అధ్యయనము (2019) ప్రకారము, ఎనిమిదవ వారము తరువాత ఒక వారములో రెండు లేక అంతకు మించి రాత్రి పాళీలు చేసినవారిలో మరుసటి వారము గర్భస్రావ అవకాశము 32 శాతము పెరిగింది.

చట్టము

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము స్త్రీలను ఉదయం 6 నుండి సాయంత్రం 7 గంటల మధ్యనే పనిచేయనిచ్చింది. ఈ నిషేధము సమానత్వమునకు విరుద్ధమని మద్రాసు హైకోర్టు 2000లోను, ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పాయి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతుల ప్రకారము స్త్రీలు తమ సమ్మతితో రాత్రివేళ పనిచేయవచ్చును. భద్రత ఏర్పాట్లు యజమాని బాధ్యత.

మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల వేతన సెలవు లభిస్తుంది. ఇందులో గరిష్ఠముగా 8 వారాలు కాన్పుకు ముందు తీసుకోవచ్చును. అయితే గడచిన 12 నెలలలో 80 రోజులు పనిచేసి ఉండాలి. పత్తి సీజనులో నాలుగు చోట్ల కూలికి వెళ్ళే స్త్రీకి ఈ నిబంధన అడ్డంకి కాగలదు. గర్భిణి కోరితే కాన్పుకు సుమారు పది వారాల ముందునుండి ఆమెకు శ్రమతో కూడిన పని గాని, గర్భమునకు హాని కలిగించే పని గాని అప్పగించరాదు. రాత్రి పని అనే మాట ఈ నిబంధనలో విడిగా లేదు. 1990 నాటి అంతర్జాతీయ ఒడంబడిక మాత్రము కాన్పుకు ముందు, తరువాత కలిపి కనీసం 16 వారాలు రాత్రి పనికి ప్రత్యామ్నాయము చూపాలంటుంది. భారతదేశము దీనిని ఆమోదించలేదు.

జాగ్రత్తలు

* గర్భము నిర్ధారణ కాగానే పని వేళలను వైద్యులకు తెలపాలి. అవసరమైతే పగటి పాళీ కోరడానికి వారి ధ్రువపత్రము తీసుకోవాలి.
* రాత్రి పని తప్పనప్పుడు వరుస రాత్రులు తగ్గించుకోవాలి. పగలు చీకటి గదిలో నిద్రపోవాలి.
* తలనొప్పి, చూపు మసకబారడము, ముఖము, చేతుల వాపు, రక్తస్రావము, బిడ్డ కదలికలు తగ్గడము కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.
* 2,500 గ్రాములకన్నా తక్కువ బరువుతో పుట్టిన శిశువును తల్లి ఎదపై చర్మమునకు చర్మము తగిలేలా ఉంచుకొని, తల్లిపాలు మాత్రమే పట్టాలి.