పట్టుచీర తాకట్టు

మొన్న మా మనవరాలి చదువు అప్పు కోసం బ్యాంకుకి వెళ్ళాం. మా అబ్బాయికి సెలవు దొరకలేదు. అంచేత నేనూ, కోడలూ, మనవరాలూ ముగ్గురం బయల్దేరాం. పిల్లకి రాష్ట్రం దాటి ఇంజనీరింగు సీటొచ్చింది. నాలుగేళ్ళకీ ఫీజూ హాస్టలూ కలిపితే తొమ్మిది లక్షలు తేలింది.

కౌంటరు దగ్గర కుర్రాడు మర్యాదస్థుడే. కాగితాలన్నీ తిరగేసి, "ఏడున్నర లక్షలు దాటితే ఇల్లో, స్థలమో హామీ చూపించాలండీ" అన్నాడు. ఉన్న ఒక్క ఇల్లూ ఇదివరకే అప్పులో ఉంది. ఆ మాటే చెప్పాం. అతగాడు కాసేపు ఆలోచించి నా చేతులకేసి చూశాడు. "ఎందుకు పెద్దమ్మగారూ ఈ తంటా అంతా? గాజులున్నాయి కదా. బంగారం మీదైతే అరగంటలో డబ్బు చేతికిస్తాం" అన్నాడు.

కోడలు చప్పున చేతులు కొంగు కిందికి లాక్కుంది. నాకు నవ్వూ వచ్చింది, వొళ్ళూ మండింది. చదువు అప్పు అడిగితే గాజులడుగుతాడేమిటి? ఇంటికొచ్చి మజ్జిగ తాగుతూ కూర్చుంటే గుర్తొచ్చింది. ఇది కొత్త కథ కాదు. మన దేశంలో చదువుల చరిత్ర సగం ఆడవాళ్ళ ట్రంకుపెట్టెల్లోనే ఉంది.

టంగుటూరి ప్రకాశం పంతులుగారి సంగతి మీకూ తెలిసే ఉంటుంది. 1872లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోతే తల్లి సుబ్బమ్మగారు పిల్లల్ని వెంటేసుకుని ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు పెట్టుకున్నారు. ఆ రోజుల్లో డబ్బు పుచ్చుకుని అన్నం పెట్టడమంటే లోకానికి ఎంత చులకనో! 'కన్యాశుల్కం' చూసినవాళ్ళకి పూటకూళ్ళమ్మంటే ఎలా నవ్వుకునేవారో తెలుసు. ఆవిడ డబ్బు తిని ఎగ్గొట్టిన గిరీశం మాత్రం అందరికీ ముద్దు. సరే, ప్రకాశంగారికి పరీక్ష ఫీజు కట్టడానికి మూడు రూపాయలు కావలసివచ్చాయి. ఎక్కడా పుట్టలేదు. చివరికి ఆ తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టి కట్టింది. ఈ సంగతి ఆయన 'నా జీవిత యాత్ర'లో దాచుకోకుండా రాసుకున్నారు. ఆ కుర్రాడే తరవాత లండను వెళ్ళి బారిస్టరయ్యాడు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ చీర విడిపించారా లేదా అన్నది మాత్రం ఎవరూ అడగరు. నాకెప్పుడూ ఆ చీర గురించే బెంగ.

తాకట్టుకి చీర కూడా లేనివాళ్ళు వారాలు చేసుకునేవారు. ఈ కాలం పిల్లలకి వారాలంటే పత్రికలు చదవడమనుకుంటారేమో, చెప్పాలి. బీద విద్యార్థి ఊళ్ళో ఏడిళ్ళు కుదుర్చుకునేవాడు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. రాజమండ్రిలో మా అమ్మమ్మగారింట్లో మంగళవారం అబ్బాయి ఉండేవాడట. వాడొస్తాడని ఆవేళ కంది పచ్చడి చేసేదిట అమ్మమ్మ. వాడికి ఏ ఇంట్లో వారం తప్పిందో మొహం చూస్తే తెలిసిపోయేదనేది. అటువంటి రోజున వాడి విస్తట్లో రెండో మారు అడక్కుండానే వడ్డించేది. చాలా ఏళ్ళ తరవాత ఆ అబ్బాయి పెద్ద ఉద్యోగంలో రిటైరై ఓ సారి చూడవచ్చాడు. నేనప్పుడు పరికిణీలు కట్టుకునే వయసులో ఉన్నాను. ఎవరూ చెప్పకుండానే పెరట్లో నూతి దగ్గరకెళ్ళి కాళ్ళు కడుక్కుని, వంటింటి గుమ్మం పక్కన తన పాత చోట్లోనే కూర్చున్నాడాయన.

తలుచుకుంటే బావుంటుంది గానీ, ఇందులో దాచకూడని సంగతి ఒకటుంది. మా అమ్మమ్మ పెట్టిన వారాలన్నీ మా కులం పిల్లలకే. తక్కిన పిల్లలు ఎక్కడ తినేవారో ఆవిడకి తెలీదు, ఆవిణ్ణి అడిగినవాళ్ళూ లేరు. కులాలవాళ్ళు ఎవరి హాస్టళ్ళు వాళ్ళు కట్టుకున్నారు. హైదరాబాదులో రెడ్డి హాస్టలు 1918లో అలా వచ్చిందే. హాస్టలు కట్టించే పెద్దలు లేని కులాలకి దిక్కెవరు? 1944లో, ఇంకా తెల్లవాళ్ళ ప్రభుత్వం ఉండగానే, మెట్రిక్ దాటిన హరిజన విద్యార్థులకి స్కాలర్‌షిప్పు పెట్టారు. అంబేద్కర్‌గారు అప్పుడు వైస్రాయి కౌన్సిల్లో సభ్యులు. ఎవరింటి గుమ్మంలోనూ నిలబడక్కర్లేకుండా, హక్కుగా వచ్చిన డబ్బు అది. చదువుకయ్యే ఖర్చు దయాధర్మం నుంచి ప్రభుత్వపు పద్దులోకి ఎక్కడం మొదలైంది అక్కణ్ణించేనని నా ఉద్దేశం.

అన్నట్టు, ఈ వారాలన్నీ మొగపిల్లలకే. ఆడపిల్ల వీధులు పట్టుకుని వారాలు చేస్తుందా? పుస్తెలు కట్టించుకుని వెళ్ళడమే దాని చదువు. చిన్నతనంలోనే పెళ్ళయి చదువాగిపోయిన దుర్గాబాయమ్మగారు తనంతట తాను బెనారస్ మెట్రిక్ కట్టి, బి.ఏ., లా చదివారు. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి తనలాంటి ఆడవాళ్ళని మెట్రిక్‌కి కూర్చోబెట్టారు. 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా, బడి మానేసిన స్త్రీలకి రెండేళ్ళలో పరీక్షకి తయారయ్యే కోర్సులు దేశమంతా పెట్టించారు. మా మేనత్త అలా చదివే టీచరైంది. మొదటి జీతంతో ముందు తన తాకట్టు గొలుసు విడిపించుకుంది లెండి.

ఇక అప్పుల సంగతి. ప్రభుత్వమే విద్యార్థికి అప్పివ్వడం మన దేశంలో 1963లో మొదలైంది. నేషనల్ లోన్ స్కాలర్‌షిప్ అనేవారు. తెలివైన బీద పిల్లలకి వడ్డీ లేని అప్పు. మా చిన్నన్నయ్య అలాగే చదివాడు. అందులో ఓ ముచ్చటైన షరతుండేది. చదివినవాడు మేష్టరయితే పనిచేసిన ఒక్కో ఏడాదికీ అప్పులో పదోవంతు కొట్టేసేవారు. "పదేళ్ళు పాఠాలు చెప్తే ఋణం తీరిపోతుందిరా, ఇది దేవఋణం కంటే నయం" అనేవారు మా నాన్నగారు. పథకం మంచిదే, కానీ వసూళ్ళు సరిగ్గా కాలేదు. తీసుకున్నవాళ్ళు ఉద్యోగాల్లో కుదిరాక మరిచిపోయారు. అడగవలసినవాళ్ళు అడగలేదు. చివరికి పథకమే మూలపడింది. ఎగ్గొట్టినవాళ్ళలో పెద్ద జీతగాళ్ళు లేరంటే నేను నమ్మను. వాళ్ళు తిరిగి కట్టుంటే ఆ డబ్బుతో ఇంకెంతమంది చదివేవారో!

ఈలోగా మన రాష్ట్రంలో డొనేషన్ల కాలేజీలు పుట్టుకొచ్చాయి. 1983లో కాపిటేషన్ ఫీజు తీసుకోకూడదని చట్టం చేశారు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు, సీట్లలో సగం ప్రభుత్వ ఫీజుకే ఇవ్వాలంది. 2002లో ఇంకా పెద్ద బెంచి ఆ ఏర్పాటు కొట్టేసింది. ఫీజులు మళ్ళీ పెరిగాయి. అంతకుముందే, 2001లోనే బ్యాంకుల అప్పు పథకం తయారైంది. నాలుగు లక్షల వరకూ హామీ అక్కర్లేదు, ఏడున్నర వరకూ ఇంకొకరి పూచీ చాలు, ఆపైన ఆస్తి చూపించాలి. 2009 నుంచి ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఆదాయమున్నవాళ్ళకి చదువుకునేటప్పటి వడ్డీ కేంద్రమే కట్టింది. 2015లో, ఏడున్నర లక్షల దాకా పూచీ కూడా అక్కర్లేకుండా ప్రభుత్వమే గ్యారంటీ నిధి పెట్టింది.

మనవైపు 2008లో రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంటు తెచ్చింది. అప్పు కాదు, ఫీజే ప్రభుత్వం కట్టేస్తుంది. మా పనిమనిషి కొడుకు ఇంజనీరయ్యాడంటే దాని చలవే. అయితే ఆ డబ్బు చూసుకుని వీధికో కాలేజీ వెలిసింది. ప్రభుత్వం బకాయి పడినప్పుడల్లా కాలేజీవాళ్ళు పిల్లల సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చోవడం రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. అదీ ఓ రకం తాకట్టే. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఫీజు డబ్బు కాలేజీకి కాక తల్లి ఖాతాలో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక తిరిగి కాలేజీలకే ఇస్తున్నారు. రాజకీయాలు నాకక్కర్లేదు గానీ, ఆ మూడేళ్ళూ మా పనిమనిషి సెల్‌ఫోనులో బ్యాంకు మెసేజి చూపించి, "మా పిల్లదాని ఫీజు నేనే కట్టొచ్చానమ్మగారూ" అంటుంటే ఆ మొహం చూడాలి. కాలేజీ గుమాస్తా దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుందిట!

ఇదంతా రాత్రి భోజనాల దగ్గర చెప్తుంటే మనవరాలు ఫోనులోంచి తలెత్తి, "మామ్మా, నువ్వు 2015 దగ్గరే ఆగిపోయావ్" అంది. 2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి అని కొత్త పథకం వచ్చిందిట. మంచి పేరున్న కాలేజీలు మొదట 860 ఎంచారుట. వాటిల్లో సీటొస్తే ఆస్తీ అక్కర్లేదు, పూచీ అక్కర్లేదు. ఇంటి ఆదాయం ఎనిమిది లక్షల లోపైతే పది లక్షల దాకా అప్పు మీద చదివే కాలానికి వడ్డీలో మూడు శాతం తగ్గిస్తారుట.

"మరి ఆ కుర్రాడు చెప్పలేదేమే?" అన్నాను.

"మనం అడగలేదు కదా అత్తయ్యా" అంది కోడలు.

ముగ్గురం కూర్చుని ఆ జాబితా వెతికాం. కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నాను. పిల్ల కాలేజీ పేరు ఉంది. పొద్దున్నే ఆ కాగితం ప్రింటు తీయించుకుని మళ్ళీ బ్యాంకుకి వెళ్తున్నాం. గాజులు మాత్రం బీరువాలో పెట్టి తాళం వేశాను.