తీర్పరి స్థానములో యంత్రము

వేసవి సెలవులకు మా యింటికి వచ్చిన మేనల్లుడు ఒక సాయంకాలము కంప్యూటరు ముందు కదలక మెదలక కూర్చుండెను. "ఏంరా, ఏం చేస్తున్నావు?" అని అడిగితిని. "ఇప్పుడే చక్రం కనిపెట్టాను మామయ్యా, ఇంక ఓడలు కట్టాలి" అని వాడు తల యెత్తకుండనే బదులు చెప్పెను. రాత్రి భోజనమునకు పిలుచు వేళకు వాడు మూడువేల యేండ్లు గడచి వచ్చి, పొరుగురాజు సంధిని భంగపరచినాడని విచారించుచుండెను. "కంటికీ చేటు, కాలానికీ చేటు" అని మా అమ్మ విసుగుకొనెను. "చదరంగం లాంటిదే కదమ్మా, బుద్ధి పదునెక్కుతుంది" అని నేను మేనల్లుని పక్షమున వాదించితిని. తరువాత ఆలోచింపగా, ఆ ఆట ఎట్టిదో తెలియకయే మేమిద్దరమును తీర్పు చెప్పితిమని తోచినది. ఈ జాతి క్రీడలకు రెండువందల యేండ్లకు పైబడిన చరిత్ర కలదు. వీని గుణమేదో, దోషమేదో ఆ చరిత్రనే అడిగి తెలిసికొందము.

కంప్యూటరుపై ఆడు ఆటలు అనేకములు. అందు రెండు తెగలను గూర్చియే నేడు ప్రస్తావింతును. మొదటిది వ్యూహక్రీడ. ఇందు ఆడువాడు రాజువలెనో సేనాపతివలెనో పైనుండి చూచుచు నగరములు కట్టును, సైన్యములు నడుపును, సంధివిగ్రహములు జరుపును. రెండవది పాత్రక్రీడ. ఇందు ఆడువాడు ఒక వ్యక్తి వేషమును ధరించి, అపరిచితమైన లోకమున సంచరించుచు, బలమును అనుభవమును గడించును. చూపునకు ఇవి వేరు వేరు. పుట్టుకలో మాత్రము ఒకే యింటి బిడ్డలు.

చతురంగము మన దేశమున పుట్టినదని చరిత్రకారులలో అధికసంఖ్యాకుల అభిప్రాయము. గజ, తురగ, రథ, పదాతులను నాలుగు సేనాంగములను బట్టియే దానికా పేరు వచ్చినది. మన పల్లెలలో అరుగుల మీదను, దేవాలయముల రాతినేలల మీదను గీసియుండు పులిజూదము మరియొకటి. అందు పులులు ఒక పక్షము, మేకలు ఒక పక్షము. బలము వేరు, లక్ష్యము వేరు. ఐనను ఈ రెండింటికిని ఒక సామాన్యలక్షణము కలదు. పటముమీద ఉన్నదంతయు ఇద్దరికిని కనబడుచుండును. నిజమైన యుద్ధమున అట్లుండదు. శత్రువు కొండ వెనుక నుండును. వార్త ఆలస్యముగా వచ్చును. వాన కురిసి ఫిరంగిబండ్లు బురదలో దిగబడును. ఈ కొరతను తీర్చవలెనను కోరికయే క్రొత్త క్రీడలకు బీజమైనది.

జర్మనీలోని బ్రన్‌స్విక్ నగరమున గణితము బోధించుచుండిన హెల్విగ్ 1780లో చదరంగమును విస్తరించి, 1617 గడులు గల యుద్ధక్రీడ నొకదానిని ప్రకటించెను. గడులకు రంగులు వేసి నేల స్వభావమును సూచించెను. ప్రష్యా దేశీయుడైన రైస్విట్స్ గడులను విడిచిపెట్టి, బల్లమీద నేల రూపమును పేర్చి 1812లో తమ రాజునకు చూపెను. ఫిరంగిదళమున అధికారియైన ఆయన కుమారుడు దానిని సంస్కరించి 1824లో నిబంధనలను అచ్చు వేయించెను. దీనికి క్రీగ్‌స్పీల్, అనగా యుద్ధక్రీడ, అని పేరు.

ఆ ఆట నడచు తీరు గమనింపదగినది. పటము 1:8000 ప్రమాణమున గీయబడినది. ఒక్కొక్క వంతు నిజమైన కాలములో 2 నిమిషములకు సమానము. రెండు పక్షముల నడుమ మూడవవా డొకడు కూర్చుండును. క్రికెట్టు వ్యాఖ్యానము వినువారికి అతడెవరో వేరుగా చెప్పనక్కరలేదు, అతడే తీర్పరి. ఆడువారు తమ ఆజ్ఞలను కాగితముపై వ్రాసి అతని కిత్తురు. ఆ ఆజ్ఞ సైన్యమునకు చేరుట కెంత కాలము పట్టునో అతడు లెక్కించును. ఎవరికి ఎవరు కనబడుదురో నిర్ణయించి, కనబడినంతవరకే పటముపై పావులు ఉంచును. పాచికలు వేసి, పట్టికలు చూచి, నష్టమెంతో చెప్పును. ప్రష్యా సేనకు ప్రధానాధికారియైన మ్యుఫ్లింగ్ ఈ క్రీడను చూచి ముగ్ధుడై, సైనికశిక్షణకు తగినదని ప్రశంసించెను. రాజాజ్ఞచే అది సేనాదళములకు పంపబడెను.

కాని కొంతకాలమునకు పట్టికలే భారమైనవి. ఒక్క చిన్న పోరును తేల్చుటకు గంటలు పట్టుచుండెను. 1870-71లో ఫ్రాన్సుతో జరిగిన యుద్ధమున మోల్ట్కే కొలువులో పనిచేసిన వెర్దీ దు వెర్న్వా 1876లో ఒక మార్గాంతరమును సూచించెను. పాచికలు వలదు, పట్టికలు వలదు. అనుభవజ్ఞుడైన తీర్పరి తన వివేకముచేతనే ఫలితమును చెప్పవచ్చునని ఆయన మతము. ఆనాటినుండి యుద్ధక్రీడలో రెండు సంప్రదాయము లేర్పడినవి. ఒకటి పట్టికను నమ్మినది. రెండవది మనిషిని నమ్మినది. నేటి కంప్యూటరు క్రీడల గుణదోషము లన్నియు ఈ కూడలి వద్దనే మొదలైనవని నా యభిప్రాయము.

మనిషిని నమ్ముటలో మేలెట్టిదో, కీడెట్టిదో 1942వ సంవత్సరమే చూపినది. ఆ యేట ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున, గిల్బర్ట్ రాబర్ట్స్ అను నౌకాదళాధికారి నాయకత్వమున ఒక క్రీడాశాల వెలసినది. జర్మను సబ్‌మెరైనులు సరకు ఓడలను ముంచివేయుచున్న దినములవి. గది నేలయే సముద్రము. ఆడువారు గుడ్డతెరల నడుమ నిలిచి, సన్నని సందుల గుండ మాత్రమే ఆ సముద్రమును చూడవలయును. ఆటను నడుపువారిలో పెక్కుమంది నౌకాదళ మహిళావిభాగమునకు చెందిన యువతులు. శత్రువు రాత్రివేళ ఓడల వరుసల వెనుకనుండి లోపలికి చొరబడుచున్నాడని వారు ఆటలోనే కనుగొని, ప్రతివ్యూహము పన్నిరి. సబ్‌మెరైను యుద్ధమున ఆరితేరిన అడ్మిరల్ మాక్స్ హార్టన్ స్వయముగా సబ్‌మెరైను పక్షమున ఆడి, జానెట్ ఓకెల్ అను యువతి చేతిలో ఓడిపోయెను. ఆ ఓటమిని ఎవరును తుడిచివేయలేదు.

ఆ సంవత్సరమే మే నెలలో జపాను యుద్ధనౌక యమాటోపై మరియొక క్రీడ జరిగినది. మిడ్వే దీవిపై తలపెట్టిన దాడిని పటముమీద ముందుగా ఆడి చూచిరి. తీర్పరి పాచికలు వేయగా, అమెరికను విమానములు వేసిన బాంబులలో 9 జపాను విమానవాహక నౌకలపై పడి, అకాగి, కాగా అను రెండు నౌకలు మునిగినవని తేలెను. అధ్యక్షస్థానమున నున్న అడ్మిరల్ ఉగాకి, తొమ్మిది కాదు, మూడేయని తీర్పును మార్చెను. అకాగి మునుగలేదని నిర్ణయమైనది. మునిగిన కాగా సహితము తరువాతి ఆటలో మరల తేలినది. ఆ క్రీడ నెరిగిన జపాను అధికారులే యుద్ధానంతరము ఈ వృత్తాంతమును వ్రాసిరి. జూను 4న మిడ్వే వద్ద నిజమైన బాంబులు పడినవి. జపాను కోల్పోయిన నాలుగు విమానవాహక నౌకలలో అకాగి, కాగా ఉండినవి. ఆ పరాజయమునకు కారణములు పెక్కు. ఒక్క పాచికను తిరగవేసినందువలననే ఓడిరని చెప్పరాదు. కాని పెద్దవారి మొగము చూచి మారు తీర్పు తీర్పు కాదని మాత్రము తెలియుచున్నది.

యుద్ధము ముగిసిన తరువాత ఈ క్రీడ సైనికశిబిరములను వీడి, ఇండ్లలోనికి వచ్చినది. అమెరికాలో 1954లో చార్లెస్ రాబర్ట్స్ యుద్ధక్రీడను పెట్టెలో పెట్టి అమ్మకమునకు తెచ్చెను. 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆటను ప్రకటించిరి. ఇందు ఆడువానికి సైన్యము లేదు, ఒక్క మనిషియే. తీర్పరియో, కథకుడుగా మారినాడు. గుహద్వారమున రాక్షసుడు నిలిచియుండగా, వానితో పోరాడక పాట పాడి నిద్రపుచ్చెదనని ఆడువాడు అనవచ్చును. అట్టి నియమ మేదియు పుస్తకమున లేకున్నను, తీర్పరి నవ్వి, "సరే, పాచిక వేయుము" అనవచ్చును. ఇదియే పాత్రక్రీడకు పుట్టినిల్లు.

ఇక యంత్రము ప్రవేశించినది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ వెలువడిన మరుసటి యేడే, 1975లో, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు ప్లేటో కంప్యూటరుపై విద్యార్థులు అట్టి ఆటలను వ్రాసిరి. 1977లో వాల్టర్ బ్రైట్ వ్రాసిన ఎంపైర్ అను వ్యూహక్రీడలో, సేన నడచి చూచినంతమేరయే పటము కనబడును. 1981లో విజార్డ్రీ, అల్టిమా అను పాత్రక్రీడలును, 1991లో సిడ్ మయర్ రచించిన సివిలైజేషన్ అను వ్యూహక్రీడయు వెలువడినవి. మా మేనల్లుడు చక్రము కనిపెట్టినది ఈ చివరిదాని సంతతిలోని ఆటయందే.

యంత్రమువలన కలిగిన లాభము లేవి? రైస్విట్స్ తీర్పరికి గంటలు పట్టిన లెక్కను అది రెప్పపాటులో చేయును. ఒంటరిగా నున్న పిల్లవానికిని తోడుగా ఆడును, అలసట యెరుగదు. కనబడరాని దానిని కనబడనీయదు. అన్నిటికంటె ముఖ్యమైనది, అది ఏ అడ్మిరల్‌కును జంకదు. ఓడ మునిగినచో మునిగినట్లే. నేడు చేసిన పొరపాటునకు నూరు వంతుల తరువాత ఫలితము అనుభవింపవలసి వచ్చుట పిల్లలకు మంచి పాఠము. ధాన్యము లేక సేన నిలువదనియు, నాలుగు దిక్కుల ఒకేసారి పోరు పెట్టుకొనరాదనియు చెప్పి నేర్పుటకంటె, ఆడి ఓడి నేర్చుకొనుట దృఢముగా నుండును.

లోపము లేవి? మొదటిది, యంత్రమునకు నేర్పని మాట అది వినదు. రాక్షసునికి జోలపాట పాడుటకు మీట లేనిచో, పాడుట అసాధ్యము. కత్తికి మీట యున్నది కనుక కత్తియే శరణ్యము. అందుచేతనే పెక్కు పాత్రక్రీడలలో చంపినకొలది అనుభవము పెరుగును, క్షమించినచో పెరుగదు. ఈ దోషమును గుర్తించి దిద్దజూచినవారును కలరు. 1985లో రిచర్డ్ గారియట్ రచించిన నాలుగవ అల్టిమా క్రీడకు మన అవతార శబ్దమే పేరులో చేరినది. అందు చంపవలసిన మహారాక్షసుడు లేడు. ఎనిమిది సద్గుణములను అలవరచుకొనుటయే లక్ష్యము. అంధుడైన వర్తకునికి తక్కువ సొమ్ము చెల్లించి పోవచ్చును, వాడు కనిపెట్టలేడు. కాని ఆట మాత్రము మరువదు. మన వైకుంఠపాళిలోను పుణ్యము నిచ్చెనయే, పాపము పామే. ఐనను అందు ఎక్కుటయు దిగుటయు పాచిక వశము. ఇందు అది ఆడువాని చేతిలో నున్నది.

రెండవ లోపము, యంత్రము బుద్ధిలో కంటె లెక్కలో బలమైనది. సివిలైజేషన్ వంటి ఆటలలో కఠినమైన స్థాయిని ఎన్నుకొన్నచో ప్రత్యర్థికి తెలివి పెరుగుట లేదు. ఉత్పత్తిలో రాయితీలు పెరుగుచున్నవి. మూడవది, ఇంకొక్క వంతు, ఇంకొక్క వంతు అని రాత్రి గడచిపోవును. మనుష్యుడైన తీర్పరి ఆవులించి లేచిపోవును, యంత్రము ఆవులింపదు. మా అమ్మ విసుగునకు ఇంతవరకు న్యాయము కలదు.

నాలుగవది సూక్ష్మమైనది, కాబట్టి ప్రమాదకరమైనది. రైస్విట్స్ పట్టికను ఎవరైనను చదివి, ఇది తప్పని వాదింపవచ్చును. యంత్రములోని పట్టిక ఆడువానికి కనబడదు. అది ఎవరో ఒకరి అభిప్రాయమే. ఐనను ప్రకృతిధర్మమువలె తోచును. సివిలైజేషన్‌లో ఏ రాజ్యమునకును చెందక తిరుగువారికి అనాగరికులని పేరు. చరిత్ర యంతయు ఒకే మెట్లదారి. చివరి మెట్టున నక్షత్రములకు పోవు నౌక. ఆ దారి నడువని జనులకు చరిత్ర లేదని పిల్లవాడు అనుకొన్నచో తప్పెవరిది?

ఇందు గాంధీజీ ప్రస్తావనయు కలదు. ఆ ఆటలో భారతదేశమునకు ఆయనయే నాయకుడు. తొలి ఆటలో గాంధీ శాంతస్వభావమును తెలుపు అంకె సున్నకు దిగువకు జారి, యంత్రపు లెక్కలో 255గా మారి, ఆయన అణుబాంబులు వేయ మొదలిడెనని ఒక కథ లోకమంతట వ్యాపించినది. అట్టి పొరపాటేమియు లేదని సిడ్ మయర్ 2020లో వెలువడిన తన గ్రంథమున స్పష్టముగా వ్రాసెను. కాని 2010లో వచ్చిన అయిదవ సివిలైజేషన్‌లో, గాంధీకి అణ్వస్త్రాసక్తిని రచయితలు వినోదార్థము బుద్ధిపూర్వకముగనే చేర్చిరి. లోపల ఏ అంకె యున్నదో కనబడనందువలన లేని తప్పును జనులు నమ్మిరి. ఆటలో పెట్టిన అంకె యేమో ఒక మనిషి పరిహాసము మాత్రమే.

కాబట్టి ఈ క్రీడలను ఇంటినుండి వెళ్లగొట్టుమని నేను చెప్పను. పక్షపాతము లేని తీర్పరి దొరకుట సామాన్యమైన భాగ్యము కాదు. కాని ఆ తీర్పరికి ధర్మశాస్త్రము వ్రాసిచ్చిన వారెవరని పిల్లలు అడుగునట్లు చేయుట పెద్దల పని. అందులకు మనము వారి ప్రక్కన కొంతసేపు కూర్చుండక తప్పదు.

మరునాడు మా అమ్మ వరండాలో సుద్దముక్కతో పులిజూదము గీసి మనుమని పిలిచెను. పావుగంట గడువకమునుపే తగవు పుట్టినది. "పులి అట్లా దూకకూడదు అమ్మమ్మా!" అని వాడు, "మా ఊళ్లో దూకుతుందిరా" అని ఆమె. తీర్పు చెప్పుమని ఇద్దరును నన్ను పిలిచిరి. నేను వెళ్లి వారి నడుమ కూర్చుంటిని.