చెవికి బిరడా: జగర్గుండా సంతలో నిలబడి చూసిన ఇయర్‌ఫోన్ల చరిత్ర

పాటలు వినే ఇయర్‌ఫోన్ల చరిత్ర రాయడానికి జగర్గుండా ఎందుకని ఎవరైనా అడగొచ్చు. కారణం ఉంది. నగరంలో కూర్చుని రాస్తే ఈ చరిత్ర కంపెనీ ప్రకటనల వరుసలా తయారవుతుంది. వంద రూపాయల వస్తువు కొనడానికి కూడా ఆలోచించే చోట నిలబడి చూస్తే ప్రశ్న సూటిగా ఉంటుంది: ఇందులో నిజంగా పనిచేసేది ఏది? ఊరికే డబ్బు గుంజేది ఏది? తాయెత్తుల గురించి మనం అడిగే ప్రశ్నే ఇదీను.

తెలియని మిత్రుల కోసం రెండు ముక్కలు. జగర్గుండా ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో ఉంది. కొంట నుంచి సుక్మా వెళ్ళే రోడ్డు మీద దోర్నపాల్ దగ్గర దిగి, అక్కణ్ణించి 56 కిలోమీటర్లు అడవి దారిలో పోవాలి. గోండులు, దోర్లలు ఉండే ప్రాంతం. దోర్లల మాటలో తెలుగు బాగానే వినిపిస్తుంది. ఒకప్పుడు చింతపండు, ఇప్పపువ్వు లాంటి అటవీ సరుకులకు ఇది పెద్ద సంత. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఊరు ముళ్ళకంచె లోపలి శిబిరంగా మారింది. రేషన్ బియ్యం కూడా ఏడాదిలో కొన్నిసార్లు మాత్రమే, సాయుధ బలగాల కాపలాతో, లారీల వరుసలో వచ్చేది. గిరిజన యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులైలో చెప్పింది.

ఇలాంటి ప్రాంతంలో జనం పాటలు ఎలా విన్నారన్నది ఆసక్తికరమైన సంగతి. ముందు రేడియో. 1977లో జగదల్‌పూర్‌లో ఆకాశవాణి కేంద్రం వచ్చింది. తరవాత చౌక ఫోన్లు, పది ఇరవై రూపాయలకు మెమరీ కార్డులో పాటలు నింపే దుకాణాలు వచ్చాయి. 2010లో శుభ్రాంశు చౌధరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర, ఫోన్ చేసి గోండీలోనో హిందీలోనో తమ మాట, తమ పాట రికార్డు చేసే వీలు కల్పించింది. ఆ తరవాత ఆ రికార్డులనే బ్లూటూత్ ద్వారా ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు పంచుకునే పద్ధతి వచ్చింది. దానికి పేరు ‘బుల్టూ రేడియో’. బ్లూటూత్ అనే మాటకు జనం నోట వచ్చిన రూపం అది. ఇంటర్నెట్ అందకపోయినా పాట ఊరూరా తిరిగింది.

పాట చేతికొచ్చాక, దాన్ని ఒంటరిగా వినాలంటే చెవిలో ఏదో ఒకటి పెట్టుకోవాలి కదా. ఆ వస్తువు కథ కరెంటు కంటే ముందే మొదలైంది. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ స్టెతస్కోపు కనిపెట్టాడు. 1850ల మొదట్లో అది రెండు చెవులదైంది. చెవి రంధ్రాన్ని మూసి, బయటి రొదను ఆపి, కావలసిన సన్నటి శబ్దాన్ని మాత్రమే లోపలికి పంపడం అనే సూత్రం అందులోనే ఉంది. 1889 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక సారా దుకాణంలో నాణెం వేస్తే పాడే ఫోనోగ్రాఫు పెట్టారు. జనం విన్నది రబ్బరు గొట్టాలు చెవుల్లో పెట్టుకునే. దుకాణం గోలలోనూ పాట వినిపించింది కాబట్టే నాణేలు రాలాయి.

1910 నాటికి నథానియల్ బాల్డ్‌విన్ తన ఇంట్లో తయారుచేసిన హెడ్‌ఫోన్లు అమెరికా నౌకాదళానికి నచ్చాయి. 1954లో తొలి జేబు ట్రాన్సిస్టర్ రేడియో రీజెన్సీ టీఆర్-1 వచ్చింది, దానికి చెవిలో పెట్టుకునే ఫోను విడిగా దొరికేది. 1979 జులైలో సోనీ వాక్‌మన్ వచ్చాక నడుస్తూ పాటలు వినడం ప్రపంచమంతా అలవాటైంది.

ఇక్కడే చరిత్ర పక్కదారి పట్టిందని నా అభిప్రాయం. వాక్‌మన్‌తో ఇచ్చిన స్పాంజి హెడ్‌ఫోన్లు బయటి శబ్దాన్ని ఆపవు. 2001లో ఐపాడ్‌తో వచ్చిన తెల్లటి బుడిపెలూ అంతే, అవి చెవి అంచున కూర్చుంటాయి తప్ప రంధ్రాన్ని మూయవు. స్టెతస్కోపు నేర్పిన పాఠాన్ని సంగీత వ్యాపారం ఇరవై ఏళ్ళకు పైగా పక్కన పెట్టింది. దాన్ని కాపాడింది చెవిటి మిషన్ల వాళ్ళు. ఆ రంగంలో చాలా కాలం పనిచేసిన మీడ్ కిలియన్ 1983లో ఎటిమోటిక్ రీసెర్చ్ అనే సంస్థ పెట్టాడు. 1991లో ఆ సంస్థ తెచ్చిన ఈఆర్-4, చెవి నాళంలోకి దూరి బిరడాలా మూసుకునే ఇయర్‌ఫోన్. 1995లో జెర్రీ హార్వే, డ్రమ్స్ వాయించే అలెక్స్ వాన్ హేలెన్ కోసం ఇలాంటిదే చేశాడు. వేదిక మీది హోరులో తమ పాట తమకు వినిపించాలన్నది అక్కడి అవసరం.

సరే, బిరడా వేసుకుంటే ఒరిగేదేమిటి? లెక్క చూద్దాం. భద్రాచలం నుంచి సుక్మా వైపు వెళ్ళే బస్సులో నేను ఫోన్ యాప్‌తో శబ్దం కొలిచాను. యాప్ కచ్చితమైన పరికరం కాదు గానీ, కిటికీ పక్కన అది 80 డెసిబెల్స్ పైనే చూపించింది. పాట స్పష్టంగా వినాలంటే అంతకంటే పైకి, 90 దాకా పెంచాలి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 100కి కేవలం 15 నిమిషాలు. సరిగ్గా కూర్చున్న బిరడా 20–25 డెసిబెల్స్ తగ్గించిందనుకోండి, బస్సు మోత 60 దగ్గరికి దిగుతుంది, పాట 70లో హాయిగా వినిపిస్తుంది. అంటే ఇది విలాస వస్తువు కాదు, వాల్యూము తగ్గించుకునే సాధనం. లోపలి చెవిలో చచ్చిపోయిన రోమ కణాలు మనిషిలో మళ్ళీ పుట్టవు. చెవి డాక్టరు కోసం అడవి దాటి పోవలసిన చోట ఈ లెక్క ఇంకా ముఖ్యం.

‘నాయిస్ క్యాన్సిలింగ్’ వేరు. బయటి శబ్దానికి విరుద్ధమైన తరంగాన్ని పుట్టించి దాన్ని చల్లార్చడం ఆ పద్ధతి. జర్మనీకి చెందిన పాల్ లూగ్‌కు 1936లోనే దీనిమీద అమెరికా పేటెంటు దక్కింది. 1978లో విమానంలో ఇంజను మోతకు విసుగెత్తిన అమర్ బోస్ దాని మీద పని మొదలుపెట్టాడు, 1989లో ఆయన సంస్థ పైలట్ల కోసం హెడ్‌సెట్ తెచ్చింది. ఇంజను రొదలాంటి నిలకడైన కింది స్థాయి శబ్దాలకు అది బాగా పనిచేస్తుంది. దానికి బ్యాటరీ కావాలి, చార్జింగు కావాలి. రబ్బరు బిరడాకు అవేవీ అక్కర్లేదు.

ఇక మూఢనమ్మకాల సంగతి. ఖరీదు ఎక్కువైతే ధ్వని మెరుగు అన్నది మొదటిది. 2017లో యెరూన్ బ్రేబార్ట్ 283 హెడ్‌ఫోన్ల ధ్వని కొలతలను వాటి ధరలతో పోల్చి చూశాడు. రెంటికీ సంబంధం కనబడలేదు. రెండోది, కొత్త ఇయర్‌ఫోన్లను వంద గంటలు మోగిస్తే ‘పండుతాయి’ అన్నది. పరీక్ష సులువు. ఒకే రకానివి రెండు తీసుకోండి, ఒకటి వంద గంటలు మోగించినది, ఒకటి కొత్తది. కళ్ళు మూసుకుని, మిత్రుడు మార్చి మార్చి పెడుతుంటే పదిసార్లు చెప్పండి. ఊరికే ఊహించి తొమ్మిదిగానీ పదిగానీ సరిగ్గా చెప్పే అవకాశం 1024లో 11 మాత్రమే. తొమ్మిది చెప్పగలిగితే మాట్లాడుకుందాం. సాధారణంగా ‘పండేది’ వస్తువు కాదు, దానికి అలవాటుపడే మన మెదడు.

జగర్గుండా సంతలో నేను తిరగేసిన ప్యాకెట్ల మీద ‘ఎక్స్‌ట్రా బాస్’ అని పెద్ద అక్షరాలున్నాయి. బాస్ డబ్బాలో ఉండదు, మూతలో ఉంటుంది. చెవికీ బుడిపెకీ మధ్య సన్నటి సందున్నా ముందుగా పారిపోయేది కింది స్థాయి ధ్వనే. కాబట్టి కొనేటప్పుడు చూడవలసింది రబ్బరు టోపీలు ఎన్ని సైజుల్లో ఇచ్చారన్నది. డప్పు మోగే పాట చిన్న వాల్యూములో పెట్టి, బుడిపెను వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. డప్పు ఒక్కసారిగా బలపడితే మూత సరిగ్గా లేనట్టే, టోపీ మార్చండి. రెండు చెవులకూ ఒకే సైజు సరిపోవాలని లేదు. నురగ టోపీ అయితే వేళ్ళతో నలిపి, ఇంకో చేత్తో చెవిని పైకి లాగి, దూర్చి, అది విచ్చుకునేదాకా పట్టుకోవాలి. ఇంకో పరీక్ష: రాత్రి నిశ్శబ్దంలో హాయిగా వినిపించే వాల్యూము ఎన్ని గీతలో చూసుకోండి. బస్సులో ఎన్ని గీతలు పెంచాల్సి వస్తోందో చూడండి. తేడా ఎంత తక్కువైతే బిరడా అంత మంచిది. దీనికి పైసా ఖర్చు లేదు.

బిరడాకు తన దోషాలూ ఉన్నాయి. గులిమి లోపలికి నెట్టుకుపోతుంది. టోపీలు కడుగుతుండాలి, ఒకరివి ఒకరు పెట్టుకోకూడదు. నడుస్తుంటే మన అడుగుల చప్పుడే మనకు ధన్ ధన్ మని వినిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, బయట ఏం జరుగుతోందో తెలియదు. అడవి దారిలో ఎలుగుబంటి కదలికైనా, వెనక వచ్చే మోటారు సైకిలైనా, ఎవరైనా వేసిన కేకైనా చెవే ముందు పట్టుకోవాలి. బస్సులో కూర్చున్నప్పుడు బిరడా వేసుకోండి. దిగి నడిచేటప్పుడు తీసి జేబులో పెట్టుకోండి.

బుల్టూ పాట నలుగురి మధ్య వినడానికి పుట్టింది, బిరడా ఒక్కరి కోసం పుట్టింది. రెండూ మనిషికి కావాలి. ఏది ఎప్పుడన్నది ప్యాకెట్టు మీది అక్షరాలు చెప్పవు. కొలిచి, పోల్చి చూసుకుని మనమే తేల్చుకోవాలి.